నాలుగుసార్లు నొక్కిన వేలు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట ఇటు లాక్కోండి, మా ఇంట్లో ఫ్యాను గాలి ఇక్కడిదాకే వస్తుంది. చేతిలో పనుంటే ఆపక్కర్లేదు, చెవి ఒకటి ఇటు పెడితే చాలు. గండం గడిచింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అది నడిచిన పదిహేను రోజులూ అన్నం ముద్ద నా గొంతు దిగలేదు. నాకు తెలియకుండా నా పేరు పెట్టుకుని ఎవరో ఊళ్లు తిరుగుతున్నారంటే ఎవరికి మాత్రం దిగుతుంది?

మేముండేది సూరత్‌లో, లింబాయత్‌లో. మా ఆయన సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేస్తాడు. పెళ్లయిన మూడో నెలలో సిరిసిల్ల వైపు నుంచి రైలెక్కి వచ్చాను, అప్పటి నుంచి ఇదే గల్లీ. ఇంటికి రెండు వైపులా సాంచాలు కొట్టుకుంటూనే ఉంటాయి కాబట్టి మా ఇంట్లో మాటలు కొంచెం గట్టిగా ఉంటాయి, కోపమనుకోవద్దు. నేను ఇంట్లోనే చీరల మీద రాళ్లంటిస్తాను. సేఠు మనిషి పొద్దున్నే చీరల మూట పడేసి పోతాడు. చీర మీద పువ్వులు అచ్చువేసి ఉంటాయి. ఆ గీత వెంబడి గమ్ము చుక్క పెట్టాలి, చుక్క మీద రాయి పెట్టాలి, బొటనవేలితో అదిమి పట్టాలి. మా గడప ముందు మధ్యాహ్నందాకా నీడ ఉంటుంది. అందుకని పక్కింటి అక్క, ఎదురింటి పిల్ల తమ మూటలు కూడా ఇక్కడికే తెచ్చుకుంటారు. ఎదురింటి పిల్ల అంటే చిన్నపిల్ల కాదు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు. మా జిల్లా పిల్లే.

ఈ పనిలో ముందుగా అరిగేవి వేలి గీతలు. గమ్ము వేలికి అంటి ఎండిపోతుంది. సాయంత్రం దాన్ని గోకి తీస్తే చర్మం పొర కూడా దాంతోనే లేచి వస్తుంది. ఏడాది తిరిగేసరికి బొటనవేలు చింతగింజలా నున్నగా తయారవుతుంది. ఇంట్లో దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. రేషన్ దుకాణంలోనే వస్తుంది తంటా. అక్కడ గాజుపలక మీద వేలు పెడితే మిషన్ ఒప్పుకుంటేనే బియ్యం. మా గల్లీ ఆడవాళ్లు వరుసలో ముందుంటే వెనకాల వాళ్లకు నీరసం వస్తుంది. ఒకసారి పెడితే కాదంటుంది, రెండోసారి కాదంటుంది, దుకాణం ఆయన పలకను తుడుస్తాడు, మేం వేలిని కొంగుకు తుడుస్తాం, మూడోసారి, నాలుగోసారి, ఎప్పటికో ఒప్పుకుంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు. నేను చిన్న సీసాలో కొబ్బరినూనె తీసుకెళ్లేదాన్ని. ఒక చుక్క రాసి, తుడిచి, వేలిని కొంచెం ఏటవాలుగా పెట్టి నొక్కితే తొందరగా తీసుకుంటుందని అందరికీ నేర్పించాను కూడా. మాలాంటి చేతులున్నవాళ్లకు మిషన్ కాదనడం ఎండాకాలంలో చెమట పట్టినంత మామూలు సంగతి.

ఆ మామూలు సంగతి దగ్గరే మేం మోసపోయాం.

ఫోన్ సంగతి చెప్పాలి ముందు. నా పాత నంబరుకు గల్లీ లోపల సిగ్నల్ ఉండేది కాదు. ఊళ్లో మా అక్కతో మాట్లాడాలంటే రోడ్డు మలుపుదాకా నడిచి, పాన్‌డబ్బా పక్కన నిలబడి, సాంచాల చప్పుడు మీదుగా అరిచి మాట్లాడాలి. మా అక్క మోకాళ్ల నొప్పుల సంగతి మా ఇంట్లోవాళ్లకంటే ముందు పాన్‌డబ్బా ఆయనకు తెలిసేది. మా ఆయన దెప్పేవాడు. మీ అక్క మొగుడు ఇవ్వాళ అలిగి అన్నం తినలేదట, ఆటోవాడు చెప్పాడు అనేవాడు.

అలా ఉండగా, హోలీ రెండు రోజులుందనగా, షేర్ ఆటోలు ఆగే చోట ఒకాయన గొడుగు వేసుకుని సిమ్‌లు ఇస్తున్నాడని పక్కింటి అక్క చెప్పింది. సిమ్ ఉచితం, మీదికి ఒక స్టీలు డబ్బా. ఇంటి లోపల కూడా సిగ్నల్ నిండుగా వస్తుందట. నేను ఆకుపచ్చ చీర మీద మామిడి పిందెల అంచు సగం అంటించి, గమ్ము మూత పెట్టి లేచాను. అక్కను, ఎదురింటి పిల్లను నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ పిల్ల వద్దులే పెద్దమ్మా, నాకు ఫోనుంది అంటే, ఉచితంగా వచ్చేది ఎందుకు పోగొట్టుకుంటావని లాక్కెళ్లింది కూడా నేనే.

ఆ మనిషికి ముప్పై ఏళ్లుంటాయేమో. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. నన్ను మాసీ, అంటే పిన్నీ, అని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆధార్ కార్డు చూసి ఫోన్‌లో నంబర్ కొట్టుకున్నాడు, ఫొటో తీశాడు, కళ్లు ఆర్పమన్నాడు. చిన్న మిషన్ ముందుకు జరిపి వేలు పెట్టమన్నాడు. పెట్టాను.

"నహీ ఆయా మాసీ, ఫిర్ సే," అన్నాడు. రాలేదు, మళ్లీ పెట్టు అని.

మళ్లీ పెట్టాను. మళ్లీ రాలేదన్నాడు. ఫొటో కూడా మళ్లీ తీశాడు. నాకే సిగ్గనిపించింది. నా వేళ్లు ఇంతే భయ్యా, గమ్ము పని, ఏమీ అనుకోకు అని బతిమాలాను. మూడోసారి పెట్టాను. కొంగుతో తుడుచుకుని నాలుగోసారి పెట్టాను. అప్పుడు అయిపోయిందని నవ్వాడు. కష్టం చేసే చేతులు మాసీ, ఇలాగే ఉంటాయి అన్నాడు. ఇంత మంచి మాట రేషన్ దుకాణంలో నన్నెవరూ అనలేదు. నేను కరిగిపోయాను. పక్కింటి అక్క మూడుసార్లు నొక్కింది. ఎదురింటి పిల్ల రెండుసార్లు. డబ్బాలు పట్టుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

దారిలో ఆ పిల్ల ఒక మాట అంది.

"పెద్దమ్మా, నా ఏలు మొదటిసారే తీస్కున్నది గదా. మిషన్ల పచ్చలైటు వచ్చింది, నేను జూసిన. మల్ల పెట్టుమన్నడెందుకు?"

ఆ పిల్ల వచ్చి రెండు నెలలు కాలేదు. గమ్ము పని ఇంకా చేతికి పట్టలేదు. వేళ్లు పచ్చి కొబ్బరి ముక్కల్లా ఉండేవి. నేను అన్నీ తెలిసినదానిలా జవాబిచ్చాను.

"నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవ్ బిడ్డా. ఈడ మిషన్లు గిట్లనే ఉంటయి. జర ఓపిక పట్టాలె."

ఆ పిల్ల డబ్బా చంక మార్చుకుని నడిచింది. పెద్దమ్మ చెప్పింది కదా అనుకుంది.

సిగ్నల్ మాత్రం ఆయన చెప్పినట్టే నిండుగా వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని ఊళ్లో మా అక్కతో మాట్లాడుకున్నాను. వానాకాలం వచ్చింది, పోయింది. మేం ఆ గొడుగు సంగతే మరిచిపోయాం.

మా కోడలు సూరత్‌లోనే పుట్టి పెరిగింది. దాని పుట్టిల్లు కోసాడ్ క్వార్టర్లలో. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిప్పి, గుజరాతీలో ముగిస్తుంది. పల్సానాలో ఒక మిల్లులో చీరలు మడతపెట్టి పెట్టెల్లో సర్దే పని చేస్తుంది. ఒకరోజు పని నుంచి రావడమే మొహం వేలాడేసుకుని వచ్చింది. దానితో పనిచేసే అమ్మాయి అన్నను పోలీసులు పిలిపించారట. ఆయన పేరు మీదున్న నంబరు నుంచి ఎవరో ఎక్కడో దూర రాష్ట్రంలో ఒక ముసలాయనకు ఫోన్ చేసి, బెదిరించి, మోసం చేశారట. ఈయనకు ఆ నంబరు ఉన్నట్టే తెలియదు. తెలియదని చెప్పుకోవడానికే మూడుసార్లు రైలెక్కి పోయి రావాల్సి వచ్చింది. చివరికి వదిలేశారు గానీ, అప్పటికే పనిలోంచి తీసేశారు. గల్లీలో మాత్రం జనం ఇప్పటికీ ఏదో ఉండకపోతే పిలుస్తారా అంటున్నారట.

ఆ ఆదివారం కోడలు ఫోన్ ముందేసుకుని కూర్చుంది. ఎవరి పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూపించే సర్కారు సైటు ఒకటుంది. మన నంబరు కొడితే మన ఫోన్‌కే ఓటీపీ అని ఒక అంకె వస్తుంది, ఆ అంకె వేస్తే లెక్కంతా తెరుచుకుంటుంది. తనది చూసుకుంది, ఒకటి. నా కొడుకుది, ఒకటి. మా ఆయనది, ఒకటి. నాది చూసి, లెక్క తప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచి కొట్టింది.

"అత్తమ్మా, నీకెన్ని నంబర్లున్నయ్?"

పాతది తీసేశాను కదా, ఉన్నది ఒక్కటే అన్నాను. ఉన్న ఒక్కటే మోగితే ఎత్తదు, దానికి ఇంకోటెందుకు అన్నాడు మా ఆయన, గోడకానుకుని బీడీ వెతుక్కుంటూ.

"నాలుగున్నయ్ అత్తమ్మా. నీ పేరు మీద నాలుగు నంబర్లు."

నాకు వెంటనే భయం వేయలేదు. నాలుగు గిన్నెలు పట్టే గూడు కూడా నా పేరు మీద లేదు, నాలుగు నంబర్లెక్కడివని నవ్వొచ్చింది. కోడలు నవ్వలేదు. ఆ సిమ్ ఎక్కడ తీసుకున్నావు, ఎలా తీసుకున్నావు, జ్ఞాపకం చేసుకో అంది. నాకు జ్ఞాపకం చేసుకునే పని లేదు. ఆకుపచ్చ చీర, మామిడి పిందెలు, గొడుగు, స్టూలు, రాలేదు మాసీ మళ్లీ పెట్టు. నా బొటనవేలు దానంతట అదే నేల మీద నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

రాలేదన్న ప్రతిసారీ వచ్చింది. నొక్కిన ప్రతిసారికీ ఒక సిమ్ పుట్టింది. అందులో ఒకటి నా చేతికిచ్చి, మూడు తన జేబులో వేసుకున్నాడు. మావి ఎలాంటి వేళ్లో వాడికి తెలుసు. మిషన్ కాదంటే ఎందుకని మేం అడగబోమనీ తెలుసు.

కోడలు అప్పుడే ఆ మూడు నంబర్ల పక్కన నావి కావు అని నొక్కింది. విన్నపం అందినట్టు ఒక అంకె వచ్చింది. అయితే అవి మూతపడటానికి కొన్ని రోజులు పడుతుందట. ఆ రోజుల్లో వాటితో ఎవరేం చేసినా నా పేరు మీదే. ఆ మాట విన్నాక ఇంట్లో కూర్చోలేక చెప్పులేసుకున్నాను.

ముందు పక్కింటి అక్క దగ్గరికి వెళ్లాం. ఆమె పేరు మీద మూడు. తర్వాత ఎదురింటికి. ఆ పిల్ల పేరు మీద, తన పాత నంబరు కాక, రెండు. మూడుసార్లు నొక్కినామెకు మూడు, రెండుసార్లు నొక్కినామెకు రెండు. పిల్ల నా మొహం వంక చూసింది, అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రోజు సాయంత్రానికి మా గడప ముందు పంచాయతీ అయింది. వాళ్ల నంబర్లకూ కోడలే విన్నపాలు పెట్టింది. పోలీసుల దగ్గరికి పోయి ముందుగానే రాసివ్వాలని అది పట్టుబట్టింది. మా ఆయన ఒప్పుకోలేదు.

"మనంతట మనమే ఠాణా మెట్లెక్కుతమా? ఊరు గాని ఊరు. నంబర్లు నీ పేరు మీదున్నయంటె, అవు నీవే గదా అంటరు. అప్పుడేం జెప్తవ్?"

అక్క కూడా ఆయన వైపే. మూసుకుపోతాయంటున్నారు కదా, చప్పుడు చేయకుండా ఉందాం అంది. నిజం చెప్పాలంటే నేనూ మనసులో వాళ్లతోనే ఉన్నాను. ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నాం గానీ పోలీసు కనబడితే రోడ్డుకు ఆ పక్కనుంచి నడవడమే మా అలవాటు.

రెండు రోజులు అలాగే గడిచాయి. ఫోన్ మోగితే ఎత్తడానికి చెయ్యి వచ్చేది కాదు. గల్లీలోకి కొత్త మనిషి ఎవరొచ్చినా, అట్టపెట్టెలు తెచ్చే మనిషైనా సరే, నా కోసమే వచ్చాడనిపించేది. రాళ్లు గీత మీద కాకుండా పక్కన పడేవి. సేఠు మనిషి ఒక చీర వెనక్కి తిప్పిచ్చాడు, నా బతుకులో మొదటిసారి.

మూడో రోజు పొద్దున ఎదురింటి పిల్ల వచ్చి గడప దగ్గర నిలబడింది. వాళ్లాయన కోపంలో ఆ సిమ్‌ను పళ్లతో కొరికి విరిచి మోరీలో పడేశాడట. ఇప్పుడు పీడ పోయినట్టే కదా పెద్దమ్మా అని అడిగింది. విరిచింది తన చేతిలో ఉన్నదాన్ని, వాడి చేతిలో ఉన్నది బాగానే ఉందని నాకు తెలుసు. ఆ పిల్ల ఇంకా నన్నే అడుగుతోంది. ఆ రోజు దారిలో అడిగినట్టే, అంతే నమ్మకంగా. నేను గమ్ము సీసా పక్కన పెట్టాను.

"నీ మాట ఇననైతి బిడ్డా. పచ్చలైటు జూసింది నువ్వు. నోరు మూపిచ్చింది నేను. తప్పు నాది."

పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.

"పోనీ పెద్దమ్మా. ఇగమీదనన్న ఇంటవా మరి?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. రెండు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. కోడలిని సెలవు పెట్టమన్నాను. ముందు నేను రాసిస్తాను, నా వెనక మీరు రాసివ్వండి, ఏదైనా అయితే ముందు నాకే అవుతుంది అని అక్కకూ పిల్లకూ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే నలుగురం బయల్దేరాం. మా ఆయన రానన్నాడు, నాకు సాంచా ఉందన్నాడు. మేం మలుపు తిరిగాక వెనక్కి చూస్తే, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని దూరంగా వస్తున్నాడు. ఠాణా గేటు బయట వేపచెట్టు కింద ఆగిపోయాడు. లోపలికి రాడు, వెనక్కీ పోడు.

లోపల బల్ల దగ్గర ఒక ఆడపోలీసు కూర్చుని ఉంది. మా కోడలి వయసే ఉంటుంది. "శుం థయుం, మాసీ?" అని అడిగింది, ఏమైందని. ఆ మాసీ అనే పిలుపు విని ముందు నేనొక అడుగు వెనక్కి వేశాను, గొడుగు మనిషి కూడా అలాగే పిలిచాడు కదా. కోడలు గుజరాతీలో చెప్పుకుపోయింది. ఆమె రాసుకుంటూ, ఎప్పుడు జరిగింది, మనిషి ఎలా ఉంటాడు అని అడిగింది. అక్కడ నాకు ధైర్యం వచ్చింది. హోలీకి రెండు రోజుల ముందు, పొద్దున పదకొండు దాటాక. గొడుగు సగం నీలం, సగం పసుపు. ఒక ఊస విరిగితే ఎర్ర నూలుతో కట్టుకున్నాడు, ఆ ముడి నేతగాళ్ల ముడి కాదు. ఎడమ కనుబొమ మీద గాటు. మిషన్‌ను మాకు కనపడకుండా తన వైపు తిప్పుకున్నాడు. డబ్బాలు ఆకుపచ్చ ప్లాస్టిక్ సంచిలోంచి తీశాడు. నేను హిందీలో చెబుతుంటే ఆమె కలం ఆపి నా వంక చూసింది. మాసీ, నువ్వు మా డిపార్ట్‌మెంట్‌లో చేరాల్సింది అంది.

ఇంతకుముందే ఇలాంటివి రెండు వచ్చాయట ఆమె దగ్గరికి, ఒకటి సాంచాల పనివాడిది, ఒకటి గిన్నెలు తోమే ఆమెది. వేళ్లు అరిగిన వాళ్లనే చూసి పట్టుకుంటున్నాడని ఆమె అంది. వాళ్లలో ఎవరికీ మనిషి గుర్తులేదట. మేం మీ కోసం రాకముందే మీరే మా దగ్గరికి వచ్చారు, అది మంచిపని అంది. నా వెనక అక్క గట్టిగా ఊపిరి వదలడం నాకు వినిపించింది.

రాయడం అయిపోయాక కాగితం నా వైపు తిప్పి, నా చేతులు చూసి, నీలం సిరా డబ్బా ముందుకు జరిపింది. అంగూఠా అంది, వేలిముద్ర వేయమని. నా చెయ్యి దానంతట అదే కొంగు లోపలికి వెళ్లిపోయింది. ఆమెను అనుమానించానని కాదు. ఆ వేలు బయటికి రానంది, అంతే. బల్ల దగ్గర అందరూ నా వంకే చూస్తున్నారు.

"సంతకం చేస్త," అన్నాను కోడలితో. "కలం ఇయ్యమను."

నేను ఊళ్లో రెండో తరగతిదాకా చదివాను. కూడబలుక్కుని చదువుతాను, మెల్లగా రాస్తాను. సర్కారు దఫ్తర్లలో మాత్రం ఎవరూ సంతకం అడగలేదు. గమ్ము వేళ్లు చూడటం, సిరా డబ్బా జరపడం, నేనూ పని తొందరగా అవుతుందని నొక్కేయడం. కలం పట్టుకుని ఒక్కో అక్షరం పేర్చాను. ఒకటి పక్కకు ఒరిగింది. ఆమె కాగితం ఎత్తి అటూ ఇటూ తిప్పి, ఇది ఏ భాష అని అడిగింది. తెలుగు అని కోడలు చెప్పింది. దీన్ని దొంగ సంతకం పెట్టడానికి ఈ బజారులో ఎవడికీ చేతకాదు మాసీ అని నవ్వింది. నకలు మీద ఠప్పా కొట్టి నా చేతికిచ్చింది. ఎవరైనా వచ్చి అడిగితే ఇది చూపించు, భయపడకు అంది. నా వెనక అక్క రాసిచ్చింది, పిల్ల రాసిచ్చింది. పిల్ల పది చదివింది, దాని సంతకం నాకంటే చక్కగా ఉంది.

గేటు బయట మా ఆయన చెయ్యి చాపాడు. కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందిదాకా చూసి, ఠప్పా మీద వేలితో తడిమి, మడతపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. నీ ఆడోళ్ల దండు మంచిగనే ఉన్నది అని సాంచా వైపు వెళ్లిపోయాడు.

అదే వారంలో కోడలు నా వేలికి తాళం వేసింది. ఆధార్‌లో అలా ఒకటుందట. ఫోన్‌లో తాళం వేస్తే, ఆ వేలిముద్ర ఎక్కడ పెట్టినా పనిచేయదు. రేషన్‌కు వెళ్లే ముందు తీయాలి, వచ్చాక మళ్లీ వేయాలి. ఇంటికి తాళం మరిచిపోతది గానీ వేలికి మరిచిపోదు అని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. ఇప్పుడు ఎక్కడైనా మిషన్ కాదందంటే, తెర నా వైపు తిప్పు భయ్యా, ఏమని రాసిందో మా పిల్లకు చూపించు అంటాను. తిప్పినవాడి దగ్గరే రెండోసారి పెడతాను. గ్యాస్ కోసం ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే, దాని మీద అడ్డంగా, గ్యాస్ కోసం మాత్రమే అని తెలుగులో రాసి, తారీఖు వేసి ఇచ్చాను. కౌంటర్‌లో ఆయన ఇదేంటని అడిగితే, కోడలు గుజరాతీలో కింద ఇంకోసారి రాసింది. కోసాడ్‌లో మా వియ్యపురాలికి ఫోన్ చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. ఆమె నాకంటే హుషారు, వాళ్ల బిల్డింగు మెట్ల దగ్గర నిలబడి అందరికీ చెప్పిందట.

అయినా ఆ మూడు నంబర్లు కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి. విన్నపం పెట్టిన నాలుగో రోజున ఒకటి మూతపడిందని మెసేజ్ వచ్చింది. ఆరో రోజున ఇంకొకటి. అక్కవీ పిల్లవీ అదే వారంలో మూసుకుపోయాయి. నా మూడోది మాత్రం కదల్లేదు. ఎనిమిది, తొమ్మిది, పది రోజులు. కోడలు పని నుంచి రాగానే దాని మొహం వంక చూసేదాన్ని, అది తల అడ్డంగా ఊపేది. అన్నం కలిపి, పక్కన పెట్టేసేదాన్ని. ఎక్కడో ఎవరో ముసలాయన ఫోన్ మోగుతున్నట్టు, అటు నుంచి నా పేరుతో ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపించేది. నన్ను పట్టుకుపోతారన్న భయం కంటే అదే ఎక్కువ పీకింది. ముక్కూ మొహం తెలియని ఒక మనిషి నా పేరు విని ఏడుస్తాడేమోనని.

పదిహేనో రోజు మధ్యాహ్నం. గడప ముందు ముగ్గురం ఎర్ర చీరల మూట మీద కూర్చున్నాం. ఫోన్ మోగింది. కోడలు, మిల్లు నుంచి. ఠాణా ఆమె దానికి ఫోన్ చేసిందట. ఆ మూడో సిమ్‌ను ఒక ఫోన్‌లో వేశారట, కానీ దాని మీద ఎక్కడా ఏ ఫిర్యాదూ లేదట, ఎవరినీ మోసం చేసినట్టు రాలేదట. నిన్ననే ఆపేశారట. మెసేజ్ నీ ఫోన్‌కే వస్తుంది చూసుకో అత్తమ్మా అంది. అంటుండగానే ఫోన్ నా చేతిలో గుర్రుమంది. పిల్ల చదివింది. ఇంకోసారి చదవమన్నాను. అక్క కూడా చదవమంది. మూడుసార్లు చదివింది పాపం.

నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఒక్కసారిగా ఆకలేసింది. పదిహేను రోజుల ఆకలి ఒకేసారి. గమ్ము చేతులతోనే లేవబోయాను. అప్పుడే షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకు అక్క చెప్పింది. ఆయన లోపలికి పోయి, పొద్దుటి అన్నం, పచ్చిపులుసు కంచంలో వేసుకొచ్చి నా ముందు పెట్టాడు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డలన్నీ నాకే వచ్చేలా గరిట తిప్పాడు, చూశాను. గమ్ము చేతులు కడుక్కోమంటూ చెంబు కూడా ఆయనే వంచాడు. గడప మీదే కూర్చుని, కంచం ఒళ్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగా కడుపునిండా తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. సాంచాలు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆ రోజు నా చెవులకు ఎంత బాగుందో చెప్పలేను.

గొడుగు మనిషి దొరికాడో లేదో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు కావాల్సింది నాకు దక్కింది. నా పేరు మీద ఇప్పుడు ఒక్క నంబరే ఉంది, అది మోగితే నేనే పలుకుతాను.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంట్లో పెద్దల పేర్లు, పిల్లల పేర్లు వాళ్ల నోటనే పలకాలి, వాళ్ల పనికే రావాలి. పరాయివాడి చేతిలో పడి ఏ ఒక్కరి ఉసురూ మోయకూడదు. మీ గడప తొక్కే కబురు ప్రతిదీ మంచి కబురే కావాలి. మీ ఇంటిల్లిపాదీ వేళకు కూర్చుని, భయం లేకుండా, కడుపునిండా తినాలి.